ఎర్రయ్య గారి ఏడు రాళ్లు, ఒక గ్రాఫిక్స్ కార్డు

2017 జూన్ నెలాఖరు. శ్రీకాకుళంలో బస్ కాంప్లెక్స్‌కి రెండు వీధుల అవతల, ఒక ఫొటో స్టూడియో మేడ మీద నా సర్వీసు సెంటర్. పదడుగుల గది, రెండు బల్లలు, ఒక బ్లోయర్, ఒక మల్టీమీటర్, గోడకి నేనే టైపు చేసి అంటించిన చెక్‌లిస్టు. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా, ఆ తర్వాత ఇంజినీరింగ్ చదివి, రెండేళ్లు విశాఖపట్నంలో ఉద్యోగం చేసి, సొంతంగా కొట్టు పెట్టుకుని అప్పటికి మూడేళ్లు. మాది నరసన్నపేట దగ్గర వరి పండించే కుటుంబం. ఆకుమడి దుక్కి దగ్గర నుంచి కుప్ప నూర్చే దాకా ఏ వారం ఏ పనో మా నాన్న క్యాలెండర్ వెనక రాసుకునేవాడు. జాబితాలు రాసే అలవాటు నాకు ఆయన నుంచే వచ్చింది.

గోడ మీది చెక్‌లిస్టులో పదకొండు అంశాలు ఉండేవి. మోడల్ నంబరు, ప్రాసెసర్, ర్యామ్, పవర్ సప్లై ఎన్ని వాట్లు, ఖాళీ స్లాట్లు ఎన్ని, ఇలా. రిపేరుకి వచ్చిన ప్రతి పెట్టెకీ ఒక కాగితం తీసి పదకొండూ నింపేవాణ్ని. ఇప్పుడు వాటి పైన ఇంకో ప్రశ్న ఉంది. అది ఎలా వచ్చిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఒక మంగళవారం ఉదయం తాతారావు అనే కుర్రవాడు మెట్లెక్కి వచ్చాడు. ఇరవై ఆరేళ్లుంటాయి. కళింగపట్నం వైపు తీరంలో ఒక మత్స్యకార గ్రామం వాళ్లది. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను, ఎందుకో ముందు ముందు తెలుస్తుంది. హైదరాబాదులో ఒక యానిమేషన్ స్టూడియోలో మూడేళ్లు పిల్లల కార్యక్రమాలకి వెనక కనిపించే కొండలూ ఇళ్లూ తయారు చేశాడట. ఆరు నెలల కింద ఇంటికి వచ్చేసి, అక్కడే కూర్చుని పని చేసుకుంటున్నాడు.

చేతిలో కంప్యూటర్ లేదు. మోడల్ నంబరు రాసిన కాగితం, ఫోన్‌లో రెండు ఫొటోలు ఉన్నాయి. ఒకటి పెట్టె ముందు వైపుది, రెండోది అడుగున ఉన్న స్టిక్కరుది.

"అన్నా, దీంట్లో గ్రాఫిక్స్ కార్డు ఎక్కుతాదేటి?"

"పెట్టె తేకుండా ఎలా చెప్పను?"

"తెద్దునే. మా ఊరి బస్సు దారంతా గోతులు. డిస్కులో ఆరు నెలల పని ఉన్నాది. దానికేటైనా అయితే నాను మరి ఇంటికెల్లక్కర్లేదు."

అది స్లిమ్ డెస్క్‌టాప్. ఆఫీసుల్లో, కౌంటర్ల కింద సన్నగా పడుకుని ఉండే రకం. ఆఫీసులు కొత్తవి కొనుక్కున్నప్పుడు ఈ పాతవి సెకండ్ హ్యాండ్‌లో బయటికి వస్తాయి. గట్టి సరుకే, కానీ లోపల చోటుండదు. అందులో బొమ్మలు గీసే పని కూడా ప్రాసెసరే చూసుకుంటుంది. ఉత్తరాలకీ లెక్కలకీ అది చాలు. వేల ఆకులు, అలలు, నీడలు ఉన్న త్రీడీ దృశ్యాన్ని తిప్పాలంటే మాత్రం ఆ ఒక్క పనికే వేరే మనిషిని పెట్టుకోవాలి. ఆ వేరే మనిషి గ్రాఫిక్స్ కార్డు.

"ఏం పని మీద?" అని అడిగాను.

"యానిమేషన్."

"ఎప్పటికి కావాలి?"

"ఎంత బేగి అయితే అంత బేగి. మా నాన్నకి సూపించాలన్నా."

కాగితం మీద అర్జెంట్ అన్న గడిలో టిక్కు పెట్టాను. ఆ టిక్కుకి అప్పటికే అర్థం పోయింది. మా కొట్టుకి వచ్చేవాళ్లంతా అర్జెంటే అంటారు. ఇక నాన్నకి చూపించడం అంటారా, చేసిన పని తండ్రికి చూపించుకోవాలని ఏ కొడుక్కి ఉండదు అనుకున్నాను. ఇంకేమీ అడగలేదు.

ఇలాంటి చిన్న పెట్టెకి కార్డు ఎంచేటప్పుడు మూడు చూడాలి. ఒకటి, ఎత్తు. మామూలు కార్డు ఇందులో నిలబడదు, లో ప్రొఫైల్ అనే పొట్టి రకం కావాలి. రెండు, కరెంటు. ఈ పెట్టెల్లో పవర్ సప్లై చిన్నది, కార్డుకి విడిగా తీగ రాదు, కాబట్టి కార్డుని గుచ్చే స్లాట్ నుంచి దొరికే డెబ్బై అయిదు వాట్లతోనే బతికే కార్డు కావాలి. మూడు, మందం. కొన్ని కార్డులు ఒక స్లాట్ చోటులో ఇముడుతాయి, పెద్ద ఫ్యాన్ ఉన్నవి పక్క స్లాట్ చోటు కూడా ఆక్రమిస్తాయి.

మొదటి రెండూ జాగ్రత్తగా లెక్క కట్టాను. మూడోదానికి ఇంటర్నెట్‌లో ఆ మోడల్ కొలతలు ఉండే డేటాషీట్ తీసి, బొమ్మలో రెండు స్లాట్ల చోటు కనిపించగానే టిక్కు పెట్టేశాను.

నా అల్మరాలో అప్పటికే ఒక చిన్న కార్డు ఉంది. ఫ్లెక్సీలు డిజైన్ చేసే ఒక కొట్టువాళ్లు కొత్తది వేయించుకుని నాకు వదిలేసినది. పొట్టిది, సన్నది, రెండు జీబీ మెమరీ. దాన్ని చేతిలోకి తీసుకుని చూశాను కూడా. యానిమేషన్‌కి ఇదేం చాలుతుంది అనుకుని మళ్లీ లోపల పెట్టేశాను. డెబ్బై అయిదు వాట్లలో దొరికే అన్నింట్లోకీ శక్తి గల కార్డు ఏదో వెతికి, అది హైదరాబాదులో లేకపోతే చెన్నై నుంచి తెప్పించమని డీలర్‌కి చెప్పాను. మంచి పని చేస్తున్నాననే అనుకున్నాను.

కార్డు రావడానికి పన్నెండు రోజులు పట్టింది. తాతారావు మూడుసార్లు ఫోన్ చేశాడు.

"వచ్చిందేటన్నా?"

"ఇంకో రెండు రోజులు."

మూడోసారి కూడా అదే చెప్పాను. ఆ తర్వాత అతను ఫోన్ చెయ్యలేదు.

కార్డు వచ్చిన మర్నాడు పొద్దున్నే సామాన్ల సంచీ బండికి కట్టుకుని బయల్దేరాను. స్క్రూడ్రైవర్ల సెట్టు, కుంచె, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సీసా, థర్మల్ పేస్టు, కార్డుని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించిన పెన్‌డ్రైవ్. అన్నీ జాబితా ప్రకారం సర్దుకున్నాను. పదింటికల్లా ఆ ఊళ్లో ఉన్నాను. సరుగుడు తోట దాటితే శ్లాబు ఇల్లు, ఎదురుగా ఇసుక, ఆ పైన సముద్రం. వరండాలో తాతారావు మేనమామ పోలయ్య వల బాగుచేస్తున్నాడు. నులకమంచం మీద తాతారావు తండ్రి ఎర్రయ్య గారు సముద్రం వైపు తిరిగి కూర్చున్నారు. నా అడుగుల చప్పుడుకి తల తిప్పారు గానీ నా ముఖం దగ్గర కాక కొంచెం పక్కన చూశారు.

"కార్డు బాబేనేటిరా?" అని కొడుకుని అడిగారు.

గుమ్మం లోపల బల్ల మీదున్న పెట్టె మూత తీశాను. ఫ్యాన్ మధ్యలో, స్క్రూల మీద, బోర్డు మీది సాకెట్ల అంచుల వెంట, చివరికి కార్డు దిగాల్సిన స్లాట్ గాడిలో కూడా పచ్చటి గ్రీసు నిండుగా పూసి ఉంది. వేలితో పూసిన గుర్తులు తెలుస్తున్నాయి.

"ఎవరు పూశారిది?"

"నానే," అన్నాడు పోలయ్య, వల మీద నుంచి తల ఎత్తకుండానే, కాస్త గర్వంగా. "మా పడవ ఇంజినుకి గ్రీసు ఎయ్యకపోతే మూడు నెల్లకి తుప్పట్టి సస్తాది. దీనికి ఉప్పుగాలి తగలదేటి? అల్లుడు ఊల్లో లేనప్పుడు ఇప్పి, సుట్టూ పూసీసాను."

"మావా!" అన్నాడు తాతారావు. "అందుకేనేటి అది అంత వేడెక్కిపోతంది!"

"వేడెక్కితే ఎక్కనీ. తుప్పు పట్టనేదు కదా?"

ఆయన చెప్పింది నిజం. తీరంలో వాడే కంప్యూటర్ల లోపల ఆకుపచ్చ చిలుము పట్టడం నేను ఎన్నోసార్లు చూశాను. ఆ పెట్టెలో ఒక్క చుక్క లేదు. ఆయన తనకి తెలిసిన ఇంజిను వైద్యమే దీనికీ చేశాడు. గ్రీసు కింద దుమ్ము చేరి గాలి దారి మూసుకుపోయింది, అంతే. కుంచె, ఆల్కహాల్ తీసుకుని గాడి గాడీ కడిగాను. గంట పైన పట్టింది. ఎర్రయ్య గారు మధ్యలో రెండుసార్లు అడిగారు, "అయిందేటి బాబూ?" అని. ఆ తొందర నాకు కొంచెం విసుగ్గానే అనిపించింది.

ఆరాక కార్డు పట్టుకుని స్లాట్ మీద పెట్టాను. దిగలేదు. ఇంకోలా వంచి పెట్టాను. దిగలేదు. టార్చి వేసి చూస్తే అప్పుడు తెలిసింది. డేటాషీట్‌లో రెండో స్లాట్ ఉన్న చోట, ఈ పెట్టెలో పవర్ సప్లై డబ్బా ఉంది. అదే మోడల్ నంబరుతో రెండు సైజుల పెట్టెలు వచ్చాయి. నేను చూసింది పెద్దదాని బొమ్మ. రెండు స్లాట్ల మందం ఉన్న కార్డు ఈ పెట్టెలో ఏ దేవుడు దిగొచ్చినా పట్టదు.

"పట్టలేదు," అన్నాను. "నాదే తప్పు. సన్నది తెప్పిస్తాను. పది రోజుల్లో..."

వల మీద పోలయ్య చెయ్యి ఆగిపోయింది.

"పది దినాలా? బాబూ, మా బావ కన్ను నీ కొరియర్ కోసం కూకుంటాదేటి?"

"మావా, ఊరుకో," అన్నాడు తాతారావు.

"ఊరుకుని ఊరుకునే ఇంతయింది. సెప్పనీరా!"

అప్పుడు చెప్పాడు. ఎర్రయ్య గారికి పదిహేనేళ్లుగా చక్కెర జబ్బు. కుడి కన్ను రెండేళ్ల కిందటే పోయింది. ఎడమ కంటికి లేజర్ చేశారు. లోపల ఎప్పుడైనా రక్తం దిగొచ్చు, దిగితే చెప్పలేం అని డాక్టరు ముందే చెప్పాడు. "మొన్నటిదాకా దూరాన పోయే పడవ ఎవుడిదో సెప్పేవోడు. సుక్కురవారం పొద్దున లేసి, ఇంట్లో పొగేటిరా అన్నాడు. పొయ్యే ఎలిగించనేదు మేం."

శుక్రవారం అంటే నేను కార్డు కోసం ఎదురుచూస్తున్న పదో రోజు.

"కానీ దీనికీ కార్డుకీ..." అని తాతారావు వైపు చూశాను.

అతను పెట్టెకి తీగలు తగిలించి స్విచ్ వేశాడు. కార్డు లేకుండా, ముందున్నట్టే తెర మీద ఒక దృశ్యం తెరుచుకుంది. సముద్రం మీద పడవలో నిలబడి ఒడ్డుని చూస్తున్నట్టు ఉంది. వెనకాల కొండ, దాని ముందు తాటితోపు, ఒక పక్క లైట్‌హౌస్, ఇసుక దిబ్బలు, ఇళ్లు. ప్రతి తాటిచెట్టూ ఉంది, ఒకటి తల విరిగినది కూడా. ఆరు నెలల్లో ఇరవై సార్లు మావ పడవెక్కి, ఎక్కిన ప్రతిసారీ వాంతులు చేసుకుంటూ, ఫోన్‌తో ఒడ్డుని ఫొటోలు తీసి, కొండల ఎత్తులు మ్యాపుల్లో చూసి, చెట్టు వెంట చెట్టు పాతుకుంటూ వచ్చాడట. అక్షాంశ రేఖాంశాలతో సహా అన్నీ సరిగ్గా ఉన్నాయి. పడవ ఎక్కడ ఆగితే ఆ చోటు అంకెలు పక్కన పడతాయి.

ఒక బటన్ నొక్కాడు. తెర రెండు క్షణాలు కొయ్యబారి, కొండ ఒక చోట మాయమై ఇంకో చోట తేలింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ గెంతింది.

"ఇదీ వరస," అన్నారు ఎర్రయ్య గారు. "కొండ గెంతుతాదేటి ఎక్కడైనా?"

"కొండ ఎలా ఉంటే ఏమిటండీ?" అని అడిగాను. అడగాల్సిన ప్రశ్న అడగడానికి నాకు పదమూడు రోజులు పట్టింది.

ఆయన నా వైపు తిరిగి, "ఏ ఊరు బాబూ మీది?" అన్నారు.

చెప్పాను.

"వరిసేలోల్లా?"

"అవునండీ."

"అయితే సెప్తానుండు. నీకు తెలిసినా నువ్వు ఎల్లలేవు." నవ్వు ముఖంలో వచ్చి పోయింది. "సముద్రం మీద రోడ్డుండదు, గట్టుండదు. ఎటు సూసినా నీల్లే. నిన్న సేప పడిన సోటికి ఇయ్యాల ఎలా ఎల్తావు?"

"జీపీఎస్..."

"అది మొన్నొచ్చింది. మా అయ్యకేటుంది? ఇను. అడుగున రాల్లుంటాయి. పెద్ద సేప రాయి దగ్గరే ఉంటాది. నువ్వు పడవలో ఎల్తంటే ఒడ్డున కొండ కూడా నడుస్తాది. ముందున్న తాటిసెట్లు బేగి నడుస్తాయి, ఎనకున్న కొండ నిదానంగా నడుస్తాది. నడిసి నడిసి, రెండు సెట్ల మజ్జిలోకి కొండ ముక్కు వచ్చి కూకుంటాది. అదొక గీత. ఈ పక్కకి సూస్తే లైట్‌హౌస్, దాని ఎనక దిబ్బ. అదింకో గీత. రెండు గీతలూ ఎక్కడ కలిస్తే అక్కడ గుండు దించు. రాయి తగుల్తాది."

"ఫొటోలు చూసి చెప్పలేరా?"

"పొటోలో కొండ సచ్చిపోయి ఉంటాది. నడిస్తేనే కదా, ఇదింకా రావాల, ఇది దాటిపోయింది అని నాకు తెలిసేది?"

అలాంటి రాళ్లు ఆయనకి ఏడు తెలుసు. మూడు ఆయన వెతికి పట్టినవి, నాలుగు ఆయన తండ్రి చెప్పినవి. మేకరాయి, కోడిరాయి, పొగరాయి, చిన్నరాయి, అత్తరాయి, జంటరాళ్లు, తాతరాయి. ఇంట్లో ఒకరికే చెప్పుకుంటారు. అందుకే ఊరి పేరు రాయలేదు. కొడుకు చదువుకున్నాడు, ఏసీ గదిలో కూర్చునేవాడికి రాళ్లెందుకని ఆయన చెప్పలేదు. ఇప్పుడు పడవెక్కించి తీసుకెళదామంటే ఆ కంటికి కుదుపు తగలకూడదని డాక్టరు మాట. అందుకే కొడుకు సముద్రాన్నే ఇంటికి తెచ్చాడు. రాళ్ల చోట్లు తెలిశాక, పైన పడవా అడుగున రాళ్లూ చేపలూ కనిపించేలా దాన్ని ఒక చిన్న యానిమేషన్ సినిమా చేస్తాడట.

"మీరు ముప్పై ఏళ్లు ఆయనతో వెళ్లారు కదా, మీకు తెలియదా?" అని పోలయ్యని అడిగాను.

"పడవ నడిపేవోడు ఒడ్డు సూస్తాడు. వల ఏసేవోడు నీల్లు సూస్తాడు. మా బావ నన్ను ఎప్పుడూ ఒడ్డుకి ఈపు పెట్టి కూకోబెట్టీవోడు." వల ముడి పళ్లతో బిగించి అన్నాడు. "అడక్కూడదు బాబూ. పెళ్లాన్ని దాని పుట్టింటోల్ల గొడవలు అడుగుతామేటి? ఇదీ అంతే."

యానిమేషన్ పనిలో రెండు రకాల బరువులుంటాయి. ఒకటి రెండరింగ్. తయారైన ప్రతి బొమ్మనీ పూర్తి వెలుగునీడలతో అచ్చు తియ్యడం. అది గంటలు పట్టొచ్చు, మనం పక్కకెళ్లి పడుకున్నా ఫరవాలేదు. రెండోది వ్యూపోర్ట్. పని చేస్తుండగానే దృశ్యం కళ్ల ముందు కదిలే కిటికీ. యానిమేషన్ అనగానే నేను రెండరింగ్‌కి కార్డు తెచ్చాను. వాళ్లకి కావలసింది వ్యూపోర్ట్ సాఫీగా కదలడం. సెకనుకి ఇరవై బొమ్మలు వస్తే కొండ నడుస్తుంది. దానికి పెద్ద కార్డు అక్కర్లేదు.

చెట్లు కొన్ని తీసేసి దృశ్యం తేలిక చెయ్యలేదా అని అడిగాను. చేశానన్నాడు తాతారావు. "సెట్లు తీసేస్తే ఇది మనూరు కాదన్నాడు."

అల్మరాలోని చిన్న కార్డు నా కళ్ల ముందు కదిలింది.

"మూడింటికి వస్తాను," అని బండి తీశాను. భోజనం చెయ్యమన్నా ఆగలేదు. శ్రీకాకుళం వెళ్లి, అల్మరా తెరిచి, ఆ కార్డు తీసుకుని మళ్లీ వచ్చాను. స్లాట్‌లో పెట్టగానే టక్కుమని దిగింది. ఆ చప్పుడు నాకు ఇష్టమైన చప్పుడు. ఆ రోజు మాత్రం అది నన్ను కొట్టినట్టే ఉంది. డ్రైవర్ ఎక్కించి, పది నిమిషాలు నడిపి, వేడి చూసి, బల్ల ముందు నుంచి లేచాను. తాతారావు తండ్రిని చెయ్యి పట్టుకుని తెచ్చి తెరకి జానెడు దూరంలో కూర్చోబెట్టాడు.

బటన్ నొక్కాడు. తాటితోపు కదిలింది. దాని వెనక కొండ, నిదానంగా, నడవడం మొదలుపెట్టింది.

కుర్చీలోనే ఎర్రయ్య గారి ఒళ్లు పడవలో కూర్చున్నవాడిలా కొంచెం కొంచెం ఊగింది. చెయ్యి, లేని చుక్కాని మీద వేసినట్టు పక్కకి వెళ్లింది.

"ఎడం పక్కకి... ఎల్లు... బేగి కాదురా, పడవ ఎల్లినట్టు ఎల్లు... ఎల్లు... ఆగు. రవ్వంత ఎనక్కి. అదీ! దించు గుండు."

తాతారావు పక్కన పడిన అంకెలు రాసుకున్నాడు. "ఇదేటి నాన్నా?"

"మేకరాయి."

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి కొట్టు తీస్తుంటే పోలయ్య ఫోన్. ఆ అంకెల దగ్గరికి పడవ తీసుకెళ్లి, తాడుకి కట్టిన ఇనప గుండు దించారట. "తగిలింది బాబూ! పదకొండు బారల లోతున. మా బావ తెర మీద సూపించిన సోటే." బార అంటే చేతులు రెండూ చాపినంత పొడవు. ఆయన ఆ లోతు నాకెందుకు చెప్పాడో తెలియదు. నేను మాత్రం కాగితం మీద రాసుకున్నాను.

ఆ తర్వాతి వారంలో కోడిరాయి, చిన్నరాయి, పొగరాయి, అత్తరాయి దొరికాయి. మేకరాయితో కలిపి అయిదు. మిగిలిన రెండూ దూరపువి. ఒడ్డు నుంచి ఎంత దూరం వెళితే అక్కడి గుర్తులు అంత చిన్నవి. తాటితోపు ఒక గీత, కొండ గోరంత. కన్ను బాగున్నప్పుడే చూడాల్సినవి.

ఫ్యాన్ ఎలా తిరుగుతోందో చూద్దామని ఎనిమిదో రోజు వెళ్లాను. వాళ్లు జంటరాళ్ల దగ్గర ఆగిపోయి ఉన్నారు. దృశ్యాన్ని పెద్దది చేసి చూపిద్దామన్నాను. దుర్భిణీలో చూసినట్టు కొండ తెర నిండా వచ్చేలా పెట్టాం. ఎర్రయ్య గారు ముఖం ముందుకి పెట్టారు, పక్కకి తిప్పారు, కళ్లు తుడుచుకున్నారు.

"ఏదో నల్లగా నడుస్తన్నాది," అన్నారు చివరికి. "అది కొండో, నా కంట్లోదో తెలీనేదు బాబూ."

మూడు రోజులు అలాగే కూర్చున్నారట. నాలుగో రోజు రెండోసారి రక్తం దిగింది. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేశారు గానీ వెలుగూ చీకటీ తప్ప ఇంకేమీ తిరిగి రాలేదు.

ఆసుపత్రి నుంచి వచ్చాక తాతారావు ఒకసారి కొట్టుకి వచ్చాడు. అల్మరాలోని కార్డు సంగతి అప్పుడు చెప్పాను. నువ్వు మొదటిసారి మెట్లెక్కి వచ్చిన రోజే అది ఇక్కడుంది, ఆ రోజే నీ చేతికి ఇవ్వగలిగేవాణ్ని అన్నాను. అతను అల్మరా వైపు చాలాసేపు చూశాడు.

"నానైనా సరిగ్గా సెప్పాల్సిందన్నా. మూడుసార్లు పోన్ సేసాను, ఒక్కసారీ సెప్పలేదు."

"చెప్పావు. మొదటి రోజే చెప్పావు. నాన్నకి చూపించాలని."

నేను టీ తెప్పించాను. అది తాగి వెళ్లిపోయాడు.

నవంబరులో, సినిమా అయింది, వచ్చి చూడమని ఫోన్ చేశాడు. వెళ్లాను. పగటి వెలుతురు పడకుండా కిటికీకి పాత తెరచాప గుడ్డ కట్టారు. ఎర్రయ్య గారు నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు. పడవ ఒడ్డు దాటింది. పైన కొండ నడుస్తోంది. కింద, నీళ్లు అద్దంలా విచ్చుకుని, అడుగున మేకరాయి, దాని చుట్టూ చేపల గుంపు. తర్వాత కోడిరాయి. ఒక్కొక్క రాయి దగ్గర పోలయ్య పక్క నుంచి లోతు చెబుతున్నాడు, అన్ని బారలూ కంఠతా వచ్చేశాయి. అత్తరాయి దాటాక పడవ ఇంకా ముందుకి వెళ్లింది. తెర మీద జంటరాళ్లు అన్న పేరు వచ్చింది. కింద ఏమీ లేదు. ఒట్టి నీలం. కాసేపటికి తాతరాయి అన్న పేరు. కిందంతా మళ్లీ నీలమే.

"అక్కడ ఏదో ఒక రాయి వెయ్యొచ్చు కదా?" అని మెల్లగా అడిగాను.

"అక్కడేటుందో నాకు తెలీదు కదన్నా," అన్నాడు తాతారావు, అంతే మెల్లగా. "తెలీనిది ఏస్తే మిగతా అయిదూ కూడా అబద్దమైపోతాయి."

అతని మాట తండ్రికి వినపడలేదు. ఆయన తెర వైపే ముఖం పెట్టి, పడవ చప్పుడు వింటూ, లెక్క పెట్టుకుంటున్నట్టున్నారు.

"తాతరాయి వచ్చిందేటిరా?"

తాతారావు తెర వైపు చూశాడు. ఆ నీలం మీద పడవ నెమ్మదిగా సాగిపోతోంది.

"దాటతన్నాం నాన్నా," అన్నాడు.

ఆయన తల ఆడించారు. నా చెయ్యి మీద ఆయన చెయ్యి అలాగే ఉంది.

కంప్యూటర్ రిపేరులో తప్పులు జరుగుతాయి. కొలత తప్పుతుంది, వస్తువు పట్టదు, ఇంకోటి తెస్తాం. ఆ కొలత తప్పు గురించి నేను పెద్దగా బాధపడను, ఇప్పుడు పెట్టె తెరిచి చూడకుండా ఏదీ తెప్పించను, అంతటితో అది సరి. నా అసలు తప్పు అంతకంటే ముందే జరిగింది. పెట్టె గురించి పదకొండు ప్రశ్నలు అడిగి, దాని ముందు కూర్చునే మనిషి గురించి ఒక్కటీ అడగలేదు. అడిగి ఉంటే ఆ మంగళవారం సాయంత్రమే కొండ నడిచేది. అప్పటికి ఆయన దూరాన పోయే పడవ ఎవరిదో చెప్పగలిగేవారు.

గోడ మీది చెక్‌లిస్టు మళ్లీ టైపు చెయ్యలేదు. మోడల్ నంబరుకి పైన ఉన్న ఖాళీలో పెన్నుతో రాశాను: ఈ తెర ఎవరు చూడాలి, ఎప్పటిలోగా? కొట్టుకి వచ్చినవాళ్లలో చాలామందికి ఈ ప్రశ్న వింతగా ఉంటుంది. నవ్వి, నేనే చూస్తాను, తొందరేం లేదు అంటారు. అప్పుడప్పుడు ఒకరు మాత్రం జవాబు చెప్పే ముందు ఒక్క క్షణం ఆగుతారు. ఆ ఆగడం కనిపించగానే నేను పెన్ను కింద పెట్టి, కుర్చీ జరిపి, కూర్చోమంటాను.